మీ బండి – మా మాట: కొత్త బ్యాటరీ కొనేముందు మీటరు పెట్టి చూడండి

ప్రశ్న: నాది పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఆఫీసుకు మెట్రోలో వెళ్తాను కాబట్టి బండి తీసేది శని, ఆదివారాలే. పద్నాలుగు నెలల కిందట కొత్త బ్యాటరీ వేయించాను. ఈమధ్య శనివారం పొద్దున సెల్ఫ్ కొడితే ‘టక్ టక్’ అంటోంది తప్ప ఇంజన్ తిరగడం లేదు. పక్క ఫ్లాటువాళ్ల బండితో జంపర్ పెడితే వెంటనే లేస్తుంది. ఒక షాపులో బ్యాటరీ పోయిందన్నారు, ఇంకో షాపులో డైనమో విప్పాలన్నారు. ఎవరి మాట నమ్మాలి? మధ్యలో నేను పెట్టించినది డ్యాష్‌క్యామ్ ఒక్కటే.
– ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మీరు చివర్లో రాసిన డ్యాష్‌క్యామ్ మీదే మా అనుమానం. అయినా అనుమానంతో పనేముంది, కొలిచి చూసుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని వందలకే దొరికే డిజిటల్ మల్టీమీటరు చాలు.

ముందు బ్యాటరీని ఇంట్లోనే 3, 4 ఆంపియర్ల చార్జరు మీద రాత్రంతా పెట్టి నిండా చార్జి చేయండి. జంపర్ పెట్టి లేపి పది నిమిషాలు అలా తిరిగొస్తే నిండదు. చార్జరు తీసేశాక నాలుగైదు గంటలు ఊరుకుని, మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు ఆనించండి. 12.6 లేదా ఆపైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ.

ఇప్పుడు 10 ఎంఎం స్పానర్‌తో మైనస్ టెర్మినల్ విప్పి, క్లాంపు బ్యాటరీకి తగలకుండా పక్కకు వంచి, రెండు రోజులు వదిలేయండి. మళ్లీ కొలిచినప్పుడు 12.6 దగ్గరే నిలబడితే బ్యాటరీ నిక్షేపంగా ఉంది, బండిలో ఏదో కరెంటు తాగుతోంది. ఏ తీగా తగిలించకుండానే 10.5 చిల్లరకు దిగిపోతే ఒక సెల్ చచ్చినట్టే, వారంటీ కార్డు తీసుకుని షాపుకు వెళ్లండి.

డైనమో సంగతి ఇంకా తేలిక. ఇంజన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు వేసి కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే దాని పని అది చేస్తోంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటరు 9.6 కన్నా కిందికి పోతే బ్యాటరీ బలహీనమని లెక్క. కానీ ఈ పరీక్ష నిండు చార్జి మీద చేస్తేనే చెల్లుతుంది. సగం ఖాళీ బ్యాటరీకి లోడ్ టెస్టరు తగిలించి ‘పోయింది సార్’ అనడం మనం రోజూ వింటున్నదే.

ఇక కరెంటు తాగే దొంగను పట్టుకోవడం. మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, విప్పిన మైనస్ క్లాంపుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్యలో మీటరును పెట్టండి. బండి లాక్ చేసి అరగంట ఆగండి. లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి ఆ టైం కావాలి, మొదటి నిమిషంలో కనిపించే పెద్ద అంకెను చూసి కంగారు పడొద్దు. ఆ తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సహజం. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ చూడండి, ఏది పీకితే అంకె పడిపోతుందో అదే ఆ లైను. మీటరు ఇలా పెట్టి ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకూడదు, మీటరులో ఫ్యూజు పోతుంది.

మీ డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో 300 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటోందనుకోండి. రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు. ఐదు రోజులకు 36. చిన్న బండి బ్యాటరీ మొత్తం 35! శనివారం ‘టక్ టక్’ అనడంలో ఆశ్చర్యం ఏముంది? క్యామ్ వైరును ఇగ్నిషన్ ఆన్ అయినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజుకు మార్పించండి. పార్కింగ్ రికార్డింగు కావాల్సిందే అంటే, వోల్టేజి పడిపోగానే దానంతటదే ఆగిపోయే హార్డ్‌వైర్ కిట్ పెట్టించి కటాఫ్ 12.2 మీద ఉంచండి. ఆలస్యం చేయకండి. ఖాళీ అయిన బ్యాటరీని అలాగే ఉంచితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ తర్వాత ఎంత చార్జి చేసినా పట్టదు. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండలకు అసలే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

జంపర్ పెట్టేటప్పుడు నల్ల వైరు చివరి కొసను డౌన్ అయిన బ్యాటరీ మైనస్‌కు కాకుండా, ఇంజన్ మీద పెయింటు లేని ఇనుప భాగానికి పట్టించండి. చార్జింగ్ వాయువు దగ్గర నిప్పురవ్వ లేవకుండా ఈ జాగ్రత్త.

ప్రశ్న: ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుంటే ఏసీ గడ్డకట్టేంత చల్లగా ఉంటుంది. గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగితే వేడిగాలి. ఏటా గ్యాస్ నింపిస్తున్నాను. మళ్లీ నింపించాలంటున్నారు.
– కొండాపూర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఏటా తగ్గుతోందంటే ఏటా కారుతోందని అర్థం. కారే చోటు పట్టకుండా నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. అయితే మీ లక్షణాలు చూస్తే గ్యాస్ కన్నా ముందు ఫ్యాన్ చూడాలి. బండి పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి.

ఇంజన్ ఆన్‌లో పెట్టి, ఏసీ వేసి, బోనెట్ ఎత్తండి. చేతులు, చున్నీ దూరంగా ఉంచి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో ఫ్యాన్ జోరుగా తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు ఇదే వరుసలో చూడమనండి. మోటారు మార్చాల్సి రావడం అన్నిటికన్నా ఖరీదు, ఫ్యూజు అన్నిటికన్నా చౌక. చాలా బండ్లలో రేడియేటర్‌కూ అదే ఫ్యాన్ కాబట్టి, బాగయ్యేదాకా ట్రాఫిక్‌లో టెంపరేచర్ సూచిక మీద ఒక కన్ను వేయండి.

ఫ్యాన్ బాగానే తిరుగుతుంటే, ముందు గ్రిల్ లోంచి టార్చి వేసి చూడండి. కండెన్సర్ సందుల్లో దుమ్ము, పురుగులు, ప్లాస్టిక్ కవర్ల ముక్కలు ఉంటాయి. మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడగాలి. వాటర్ సర్వీసింగ్ వాళ్ల ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోయి ఉన్న గాలి కూడా ఆగిపోతుంది.

అప్పటికీ తేడా లేకపోతేనే గ్యాస్. బోనెట్ కింద స్టిక్కరు మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఉన్నదంతా మిషన్‌తో లాగేసి, వాక్యూమ్ పెట్టి, లీకు చూసి, అన్ని గ్రాములే తూచి ఎక్కించమనండి. గేజీ చూస్తూ ‘ఇంకొంచెం’ అని కొట్టే గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

ప్రశ్న: రాత్రి వానకు అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి నీళ్లొచ్చి కారు సీట్ల దాకా మునిగింది. ఇంజన్ ఆన్ చేయలేదు. నీళ్లు తోడేశారు. ఒకసారి స్టార్ట్ చేసి చూడమని అందరూ అంటున్నారు.
– టోలిచౌకి నుంచి ఒక పాఠకుడు

జవాబు: చేయకండి. గడియారం వెలుగుతోందా అని చూడటానికి కూడా తాళం తిప్పకండి. నీళ్లు గాలిలా నొక్కుకుపోయేవి కావు. సిలిండర్‌లో గ్లాసెడు నీళ్లున్నా, సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ పైకి వచ్చి వాటిని ఢీకొట్టి ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా శుభ్రం చేస్తే సరిపోయే ఇంజన్‌ను ఆ ఒక్క సెల్ఫ్‌తో పూర్తిగా విప్పాల్సి వస్తుంది. 2020 అక్టోబరు వరదప్పుడు ఎన్ని సెల్లార్లు ఇలా మునిగాయో నగరానికి గుర్తుంది.

మొదట ఫోటోలు. తలుపు మీద, సీటు గుడ్డ మీద నీటి మరక గీత స్పష్టంగా కనిపించాలి, నంబరు ప్లేటు కూడా పడాలి. తర్వాత బ్యాటరీ మైనస్ విప్పండి. బీమా కంపెనీకి ఫోన్ చేసి క్లెయిం నంబరు తీసుకున్నాకే బండి కదిలించండి, అదీ టోయింగ్ బండి మీదే. ఆటోమేటిక్ గేరు బండి అయితే ముందు చక్రాలు నేలకు తగులుతూ లాగనివ్వకండి, ఫ్లాట్‌బెడ్ అడగండి.

బీమాలో తిరకాసు ఇక్కడే ఉంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. కాంప్రెహెన్సివ్‌లో వరద నష్టం ఉంటుంది. కానీ నీళ్లు చేరాక స్టార్ట్ చేయబోయి ఇంజన్ పాడైతే, అది వరద వల్ల కాదు, మీ చేతుల్లో జరిగిందని మామూలు పాలసీలో ఆ భాగం కొట్టేస్తారు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉండేది అందుకే. సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లు మిగతా అలంకారాలు మానుకుని ఈ కవరు తీసుకోవడం మేలు.

షెడ్డులో ఏం చేయించాలో మీకు తెలిసుండాలి. ఎయిర్ ఫిల్టర్ తడిసిందా చూడాలి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉన్నా, మట్టం పెరిగినా నీళ్లు కలిసినట్టు. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, క్రాంక్ పుల్లీని స్పానర్‌తో చేత్తో తిప్పి, సిలిండర్లలో నీళ్లుంటే బయటికి తోలాలి. కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి కాసేపు నడిపి, ఆ ఆయిల్ కూడా పారబోసి మళ్లీ వేయాలి. రెండోసారి వేయడం దండగ అనిపిస్తుంది గానీ, మూలల్లో దాగిన నీళ్లు మొదటి ఆయిల్‌తోనే బయటికొస్తాయి. గేరు ఆయిల్, బ్రేక్ ఆయిల్ కూడా మార్పించండి.

సీట్లు, కార్పెట్లు విప్పి ఎండబెట్టాలి. పైన పొడిగా కనిపించినా కింద స్పాంజిలో నీళ్లుంటాయి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు.

ప్రశ్న: నాది 2018 మోడల్ పెట్రోలు కారు. ఈ20 పెట్రోలు వచ్చాక లీటరుకు 17 వచ్చేది 13కు పడింది. ఇంజన్ పాడవుతుందా?
– కూకట్‌పల్లి నుంచి

జవాబు: ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కాబట్టి మొత్తం మీద ఆరేడు శాతం తగ్గుతుంది. మీ పాత లెక్క ఇథనాల్ లేని పెట్రోలుదే అనుకున్నా, 17 కాస్తా 16 దగ్గరికి రావాలి. ఇక మిగిలిన తగ్గుదలకు ఇథనాల్‌ను నిందించి లాభం లేదు. పొద్దున్నే చల్లటి టైర్లలో గాలి, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీదున్నంత ఉందా చూడండి. పది కిలోమీటర్లు నడిపాక నాలుగు రిమ్ములకూ దగ్గరగా చెయ్యి పెట్టండి, ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు కూడా. మైలేజీని డిస్‌ప్లే చూసి కాదు, ట్యాంకు ఫుల్ చేసి, మళ్లీ ఫుల్ చేసి లెక్కగట్టండి.

ఈ20ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లు 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న బండ్లలో వాడుతున్నారు. మీది అంతకు ముందుది కాబట్టి సర్వీసింగ్‌లో పెట్రోలు పైపులు, సీళ్లు పగుళ్లిస్తున్నాయేమో చూడమనండి. పెట్రోలు వాసన వస్తే ఆలస్యం చేయకుండా చూపించండి. నెలల తరబడి బండి ఆపి ఉంచేటప్పుడు ట్యాంకులో పాత పెట్రోలు నిల్వ ఉంచకండి, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

ప్రశ్న: బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ. పిల్లల స్కూలు, కూరగాయలు – రోజుకు ఆరు కిలోమీటర్లు. డీపీఎఫ్ లైటు వెలుగుతోంది.
– ఏఎస్‌రావు నగర్ నుంచి

జవాబు: సైలెన్సర్ లైన్లోని ఫిల్టరులో (డీపీఎఫ్ అంటే అదే) మసి పేరుకుంది. అది కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, ఆరు కిలోమీటర్లలో అది జరగదు. లైటు నిలకడగా వెలుగుతుంటే ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కండి. ఒక గేరు తక్కువలో, 2000 ఆర్‌పీఎం పైన, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా నడపండి. మొత్తం 158 కిలోమీటర్లూ చుట్టక్కర్లేదు! లైటు మిణుకుమిణుకుమంటున్నా, చెక్ ఇంజన్ లైటు తోడైనా, పికప్ చచ్చిపోయినా మాత్రం ఔటర్ కాదు, షోరూమే. అక్కడ మిషన్ పెట్టి కాల్పిస్తారు. డిప్‌స్టిక్ కూడా చూడండి. మసి కాల్చడం సగంలో ఆగినప్పుడల్లా కొంత డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. మట్టం గరిష్ఠ గీత దాటితే ఆయిల్ మార్చాల్సిందే. మీ వాడకానికి అసలు పెట్రోలు బండే సరైనది, ఈసారి మార్చేటప్పుడు గుర్తుంచుకోండి.

ప్రశ్న: టీఎస్ ప్లేటు ఉన్న బండికి టీజీ మార్పించాలా? బెంగళూరులో కొన్న అన్నయ్య బండి ఇక్కడ వాడుకోవచ్చా?
– నల్లకుంట నుంచి

జవాబు: మార్పించక్కర్లేదు. టీజీ 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకే. కర్ణాటక బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే మాత్రం తెలంగాణ నంబరు తీసుకోవాలి. అందుకు ముందు అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. లోను ఉంటే బ్యాంకు సమ్మతి కూడా కావాలి.

పాఠకుల సలహా: సెల్లార్‌లో ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయన్న పాత ప్రశ్నకు ఎల్బీనగర్ నుంచి ఒక పాఠకుడు రాశారు: ‘‘ఏసీకి బయటిగాలి వెళ్లే మార్గానికి పావు అంగుళం కన్నుల జీఐ జాలీ కత్తిరించి బిగిస్తే క్యాబిన్ ఫిల్టర్ దాకా ఎలుకలు రావు. బండిలో బిస్కెట్ ముక్కలు ఉండకూడదు. చెత్త డబ్బాల పక్కన పార్క్ చేయకూడదు.’’ జాలీ మంచి ఆలోచనే, అయితే స్టెయిన్‌లెస్ స్టీలుది వేస్తే తుప్పు పట్టదు. ఇదే పనికి కొందరు నాఫ్తలిన్ గోళీలు ఆ మార్గంలో వేస్తున్నారు. ఏసీ వేయగానే ఆ ఆవిరి నేరుగా మీ ముక్కులోకి వస్తుంది, వేసి ఉంటే ఇవాళే తీసేయండి.