ఆస్పత్రి పెడుతున్న చిన్నికి పెద్దమ్మ రాసేది

చిన్నీ,

నల్లగొండలో ఆస్పత్రులన్నీ ఉన్న వీధిలోనే నువ్వూ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లోంచి ఒక డాక్టరమ్మ సొంత బోర్డు పెడుతోందంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సీటీ స్కాన్ కూడా కొంటావని చెప్పాక మాత్రం నిద్ర పట్టలేదు.

రిజిస్ట్రేషన్, ఫైర్ ఎన్‌ఓసీ లాంటివి నాకంటే నీకే బాగా తెలుసు.

నేను హెడ్ నర్సుగా చేసిన చోట సారు మంచి డాక్టరు. ఎదురుగా కొత్త ఆస్పత్రి వచ్చి స్కాన్ పెట్టేసరికి, పేషెంట్లు అటు పోతారని ఈయనా అప్పు తెచ్చి మిషన్ దించారు. ఊళ్లో జబ్బులు పెరగలేదు, మిషన్లు మాత్రం రెండయ్యాయి. కిస్తీ నెలనెలా కట్టాల్సిందే. తలకు దెబ్బ తగిలితేనే రాసే స్కాన్, కళ్లు తిరిగాయన్న ప్రతివాళ్లకూ రాయడం మొదలైంది. ఎదుటివాళ్ల కంటే ఎక్కువ ఇస్తే తప్ప ఆర్‌ఎంపీలు పేషెంట్లను పంపరని కమీషన్ కూడా పెంచారు. అదంతా తిరిగి బిల్లులోకే వచ్చింది. బెడ్లు ఖాళీగా ఉంటే చాలు, రౌండ్స్‌లో "రేపు చూద్దాం" అనేవారు.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకామె, జ్వరం తగ్గి, సంచి సర్దుకుని మంచం అంచున కూర్చుంది. కేస్ షీట్‌లో టెంపరేచర్ రెండు రోజులుగా 98.6 దాటలేదు. భర్త బిల్లు కౌంటర్ దగ్గర నిలబడి ఎవరినో ఫోన్‌లో అప్పు అడుగుతున్నాడు. "ఇంకో రోజుంటే ఎంతయితది సిస్టర్?" అని ఆమె అడిగితే నా నోట మాట రాలేదు. సారు చెడ్డవాడు కాదు బిడ్డా. ఆ కిస్తీయే ఆయన చేత అట్లా రాయించింది.

ఆస్పత్రులు ఎక్కువైతే రేట్లు తగ్గుతాయని చాలామంది అంటారు. అంగడిలో కూరగాయలకైతే సరే, ఆయాసంతో వచ్చిన మనిషి బేరమాడి పక్క ఆస్పత్రికి పోగలడా? అందుకే పోటీ ధర మీద కాకుండా మిషన్ల మీద, ఏసీ రూముల మీద నడుస్తుంది. రేటు ముందే ఖాయమైన చోట అట్లా కాదు. ఇంగ్లండులో 2006 తర్వాత పేషెంటుకు ఆస్పత్రిని ఎంచుకునే హక్కు ఇచ్చారు, రేటు మాత్రం ఎక్కడైనా ఒకటే. పోటీ ఉన్న చోట ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గాయి, ఖర్చు పెరగలేదు. నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పేటప్పుడు చదివాను.

2007లో ఆరోగ్యశ్రీ మొదట వచ్చిన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. అందులో ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే కట్టిన ప్యాకేజీ, పేషెంటును ఎన్ని రోజులు ఉంచుకున్నా ఆస్పత్రికి వచ్చే డబ్బు అంతే. అక్కడ నా భయం వేరే. బెడ్ ఖాళీ చేయాలని కుట్లు పచ్చిగా ఉన్న మనిషిని పల్లె బస్సెక్కించకు.

స్కాన్ అవసరమైతే పేషెంటును ఊళ్లో ఇప్పటికే ఉన్న మిషన్ దగ్గరికే పంపు. రేట్లు రిసెప్షన్‌లో తెలుగులో రాయించు. చేరిన రోజే ఎన్ని రోజులు పట్టొచ్చో, ఎంత కావచ్చో కాగితం మీద రాసివ్వు. డిశ్చార్జ్ పొద్దున్నే రాయి. సాయంత్రం దాకా ఆపి ఇంకో రోజు రూము కిరాయి వేస్తే నేనే వచ్చి తిడతాను. డ్యూటీ పేరు చెప్పి అన్నం మానేస్తే ఇంకా ఎక్కువ తిడతాను.

నర్సుల జీతాలు, షిఫ్టుల సంగతి దసరాకు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. అంతవరకు బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టకు. ఇల్లు తాకట్టు పెట్టమని మీ అమ్మను అసలే అడగకు, నువ్వు అడిగితే ఆమె కాదనలేదు.

నీ పెద్దమ్మ