ఊటీ సంగతి తర్వాత, ముందు మీ వదిన సంగతి చూద్దాం

పాలకొల్లు నుంచి ఒకావిడ రాశారు. పిల్లల నోట్‌బుక్ కాగితాలు చింపి రాసి వాటిని ఫొటోలు తీసి పంపారు, ఎనిమిది పేజీలు. పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యను. విషయం ఏంటంటే, ఇద్దరు పిల్లలు, బాబుకి 13, పాపకి 9. ఆయన రెండు రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేస్తారు. ఈ సెలవులకి పిల్లల్ని ఊటీ, కొడైకెనాల్ తీసుకెళ్ళాలని ఈవిడ పట్టు. ట్రావెల్స్ వాళ్ళు ఆరు రోజులకి నలుగురికీ కలిపి 88,000 చెప్పారు, రైలు ఛార్జీలు కాకుండా. చేతిలో అంత లేదు కాబట్టి పెళ్ళినాటి గాజులు ఒక జత బ్యాంకులో పెడదామని ఈవిడ, గాజులు బీరువాలోంచి బయటికి తీస్తే ఊరుకోనని ఆయన. "పిల్లలు ఏడుస్తున్నారండీ, వాళ్ళ చిన్నతనం మళ్ళీ రాదు కదా, ఆయన్ని ఎలా ఒప్పించాలో చెప్పండి" అని ప్రశ్న.

ఒప్పించకండి. ఆయన చెప్పిందే కరెక్టు.

ఇక్కడితో ఆపేసేదాన్నే గానీ మీ ఆరో పేజీలో ఒక నాలుగు లైన్లు ఉన్నాయి, వాటి కోసం ఇంత రాస్తున్నాను. ముందు ఆ డబ్బు లెక్క తేల్చేసి అక్కడికొస్తా.

ఆ 88,000 ఎక్కడా 88,000 దగ్గర ఆగదమ్మా. వాళ్ళిచ్చిన కాగితం మళ్ళీ ఒకసారి చదవండి, రూము, పొద్దున టిఫిను, తిప్పడానికి బండి, అంతే కదా. మధ్యాహ్నం భోజనం మీదే, బోటింగ్ టిక్కెట్లు మీవే, స్వెట్టర్లు కొనాలి (పాలకొల్లులో మనకి స్వెట్టర్లెక్కడివి), వచ్చేటప్పుడు చాక్లెట్లు, నీలగిరి తైలం, పక్కింటివాళ్ళకి కూడా ఒక సీసా తేకపోతే బాగోదు. రైలు సంగతి చూస్తే, ఇదివరకు 120 రోజుల ముందు రిజర్వేషన్ తెరిచేవాళ్ళు, 2024 నవంబర్ నుంచి 60 రోజులే చేశారు, అంటే మే నెల ప్రయాణానికి మార్చిలోనే పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సింది, ఆ టైము దాటిపోయింది కాబట్టి ఇక తత్కాలే, ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి, నలుగురికీ దొరికితే మీ అదృష్టం. పాపకి హాఫ్ టిక్కెట్టు లెక్కేసుకున్నారు మీరు, ఐదేళ్ళు దాటిన పిల్లలకి బెర్తు కావాలంటే 2016 నుంచి పూర్తి ఛార్జీయేనండి, హాఫ్ టిక్కెట్టు అంటే పాప రాత్రంతా మీ బెర్తులోనే ముడుచుకుని పడుకోవాలి. చుట్టుపక్కల రాష్ట్రాల్లో స్కూళ్ళు ఇంచుమించు ఒకేసారి మూస్తారు, అందరూ ఆ రెండు కొండల మీదే పడతారు, మన దగ్గర దాళ్వా కోతలప్పుడు కూలి రేటు ఎలా లేచుద్దో అక్కడ మే నెలలో రూము రేటు అలా లేచుద్ది. బళ్ళు ఎక్కువైపోయి 2024 మే నుంచి ఊటీ పైకెళ్ళే బండికి ఈ-పాస్ కూడా పెట్టారంటే చూసుకోండి. మేమూ ఒకసారి మే నెలలోనే వెళ్ళాం లెండి, బోటు కోసం రెండు గంటలు లైన్లో నిలబడ్డాం, ఆయనా నేనూ ఆ లైన్లోనే గొడవ పడ్డాం, మా చిన్నోడికి ఊటీ అంటే ఇప్పటికీ ఘాట్ రోడ్డులో వాంతులే గుర్తు.

ఇంకో మాట. మీవారి చెరువుల సంగతి రెండు ముక్కల్లో రాసి వదిలేశారు, "పోయినేడాది అంత బాలేదు" అని. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయినప్పుడు మన వైపు రొయ్య రైతులు ఎలా బెంబేలెత్తారో నాకు తెలియంది కాదు, మేత కొట్లో బాకీ, ఏరేటర్ల కరెంటు బిల్లు, చెరువు గట్టు మీద రాత్రుళ్ళు కాపలా, ఇవన్నీ ఉన్న మనిషిని పట్టుకుని "పిల్లల మీద ప్రేమ లేదు" అన్నారట. జూన్‌లో ఇద్దరి ఫీజులు కట్టాలి. గాజులు ఊటీకి పెట్టేస్తే అప్పుడేం పెడతారు?

సరే, ఇక ఆరో పేజీ.

"మునుపు సెలవులకి మా అమ్మ దగ్గరికి వెళ్ళేవాళ్ళం, రెండేళ్ళ నుంచి వెళ్ళట్లేదు. మా వదిన మాట తూలింది. పోయినేడాది వాళ్ళు మున్నారు వెళ్ళి రోజూ స్టేటస్‌లు పెట్టారు. అమ్మ మధ్యలో ఒకసారి పాలబ్బాయి చేత ముంజలు పంపింది, ఆ స్టీలు క్యారేజీ ఇంకా మా అటక మీదే ఉంది." ఇవీ ఆ నాలుగు లైన్లు.

ఇది చదివాక మీ ఊటీ ఎక్కడ మొలిచిందో అర్థమైంది నాకు. మున్నారు కంటే ఊటీ ఎత్తులో ఉంటుంది, నిజమే. మీ స్టేటస్ మీ వదిన చూడాలి, చూసినట్టు మీకు కనపడాలి, దానికి 88,000. పిల్లలు ఏడుస్తున్నారని రెండుసార్లు రాశారు గానీ ఏమని ఏడుస్తున్నారో ఎక్కడా రాయలేదు. ఒక్కసారి అడగండి. కాలవలు కట్టేశాక మిగిలిన నీళ్ళల్లో మావయ్య కొడుకుతో కలిసి చేపలు పట్టేవాడని మీ బాబు గురించి మీరే రాశారు కదా, మూడో పేజీలో, ఏదో సందర్భానికి.

ఇప్పుడు ఆ మాట గురించి. నాన్నగారు పోయాక అన్నయ్య తోట కాగితాలు పట్టుకొచ్చి సంతకం పెట్టమన్నారు, మీరు ఆలోచించి చెప్తానన్నారు. ఆ రాత్రి వంటింట్లో వదిన "ఏటా నెలరోజులు పిల్లల్తో వచ్చి ఉండి వెళ్తారు, ఆ ఖర్చు ఎవరూ లెక్కెయ్యరు, తోటలో వాటాకి మాత్రం లెక్కలు కావాలి" అంది. మీరు పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేశారు.

ఆ మాట అనకూడదు. ఇంటి ఆడపడుచుని పట్టుకుని తిండి లెక్క చెప్పడం ఎంత తప్పో వేరే చెప్పక్కర్లేదు. మీకు నా మీద కోపం వస్తుందో రాదో తెలీదు గానీ, ఒక ప్రశ్న అడుగుతా. మాట తప్పు సరే, లెక్క తప్పా?

నెలరోజులు మీరు ముగ్గురు. పొద్దున్నే ఇడ్లీయో పెసరట్టో, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం పిల్లలకి ఏదో ఒకటి వేయించాలి, మళ్ళీ రాత్రికి వంట. నెలలో అయిపోవాల్సిన గ్యాసు బండ ఇరవై రోజులకే అయిపోద్ది. మీరు వెళ్ళింది రెస్టు కోసం, అమ్మ పక్కన పడుకుని కబుర్లు చెప్పుకోడానికి, పుట్టిల్లంటే అదే, తప్పు లేదు, కానీ మీ రెస్టు ఎవరి చేతి మీద నడిచింది? ఆ నెలరోజులూ ఆవిడ పుట్టింటికి వెళ్ళగలిగిందా? ఆడపడుచు వచ్చిందని కోడలు కదలకూడదు, ఆవిడకీ ఒక అమ్మ ఉంది కదా, ఆవిడ పిల్లలకీ అవే సెలవులు. మీరు ఊటీకి కట్టబోయే డబ్బులో హోటలు వాడి వంటకీ, గదులు తుడిచేవాళ్ళకీ, దుప్పట్లు మార్చేవాళ్ళకీ అన్నిటికీ రేటు ఉంది. మీ వదినకి ఇన్నేళ్ళలో ఒక జాకెట్టు ముక్క పెట్టారా? పెట్టే ఉంటారు, పండక్కి. సెలవుల నెలకి పెట్టారా అని అడుగుతున్నా.

తమాషా ఏంటంటే చించినాడ వంతెన దాటితే మీ పుట్టింటి దారే. ఆ వంతెన దిగగానే డిండి, అక్కడ రిసార్టులో రూముకి డబ్బులు కట్టి మరీ హైదరాబాద్ నుంచి వస్తారు జనం, కొబ్బరి చెట్ల మధ్య కుర్చీ వేసుకుని గోదారి చూడ్డానికి. మీ అమ్మగారి పెరట్లో అదంతా ఊరికే ఉంది. ఊరికే అని నేనూ అనేశాను చూడండి, ఇప్పుడే కదా అంత లెక్క చెప్పాను.

మీ అన్నయ్యగారి గురించి కూడా ఒక మాట. ఎనిమిది పేజీల్లో ఆయన నోటి వెంట ఒక్క మాట లేదు. చెల్లెలు తెల్లారగట్ల బస్సెక్కితే ఆపని మనిషి, రెండేళ్ళలో ఫోన్ చెయ్యని మనిషి, ఆయన మీద మీకు కోపం లేదట, కోపమంతా బయటి నుంచి వచ్చిన ఆడదాని మీదే. మనిళ్ళల్లో ఇది మామూలే. సంతకం కావాల్సింది ఆయనకి, చెడ్డ మాట ఆవిడ నోట వచ్చింది, ఆయన మంచివాడుగానే మిగిలిపోయారు.

తోట విషయంలో మాత్రం మీరు తగ్గక్కర్లేదు. నాన్నగారు వీలునామా రాయకుండా పోయారన్నారు, ఆయన సొంతంగా కొనుక్కున్న భూమి అన్నారు, అలాగైతే 1956 వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, అన్నయ్యకి, మీకు మూడు సమాన వాటాలు. పిత్రార్జితంలో కూడా ఆడపిల్లకి కొడుకుతో సమానంగా హక్కు ఉంది, మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. కాబట్టి మీరు ఆలోచించి చెప్తాననడం ఆశపడటం కాదు. ఇవ్వదలుచుకుంటే ఇచ్చెయ్యండి, అది మీ ఇష్టం, కానీ పుట్టింటి గుమ్మం తెరుచుకోవాలని భయపడి మాత్రం సంతకం పెట్టకండి, రిలీజ్ డీడ్ (అంటే నా వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం) ఒకసారి రిజిస్టర్ అయ్యాక వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు. అలాగే వాటా ఉంది కదా అని నెలరోజుల తిండి అందులో జమ కూడా కట్టకండి. అది వేరు, ఇది వేరు.

ఇప్పుడు ఏం చెయ్యాలంటే, ఫోన్ చెయ్యండి. అన్నయ్యకి కాదు, అమ్మకి కాదు, వదినకి. పాత మాట ఎత్తకండి, ఆవిడ ఎత్తినా "అదెందుకులే వదినా" అనెయ్యండి. "ఐదు రోజులు వద్దామనుకుంటున్నాం, ఆ ఐదు రోజులూ నువ్వు పిల్లల్ని తీసుకుని మీ అమ్మగారింటికి వెళ్ళిరా, అమ్మకీ అన్నయ్యకీ వంట నేను చూసుకుంటా" అని చెప్పండి. ఐదంటే ఐదే, నెలరోజులు కాదు. అబ్బాయిలిద్దరూ కలవాలి కాబట్టి ఆవిడ వెళ్ళేముందు ఒక రోజు, వచ్చాక ఒక రోజు అందరూ కలిసి ఉండేలా చూసుకోండి.

ఆవిడ వెంటనే సరే అనదు. నన్ను పంపించేసి మొగుడి చేత తోట కాగితాలు రాయించుకుంటుందేమో అని అనుమానం వస్తుంది, నాకైనా వస్తుంది. అందుకని ఆ ఐదు రోజుల్లో తోట మాట మీరు ఎత్తొద్దు, అన్నయ్య ఎత్తితే "వదిన వచ్చాక అందరం కూర్చుని మాట్లాడదాం" అనండి, ఆ ముక్క ఎలాగూ ఆవిడ చెవిన పడుద్ది. ఆవిడ "ఆలోచించి చెప్తా" అంటే నొచ్చుకోకండి, రెండేళ్ళ క్రితం మీరన్న మాటే కదా అది.

పిల్లలకి ఏదో ఒకటి చూపించాలన్నారు, చూపించండి. ఒకరోజు అంతర్వేది తీసుకెళ్ళండి, నరసింహస్వామి దర్శనం చేయించి, వశిష్ట గోదారి సముద్రంలో కలిసే చోట నిలబెట్టండి, లైట్ హౌస్ చూపించండి. తిరిగొచ్చే రోజు వంతెన మీద నుంచి కాకుండా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం వైపు దిగి పాలకొల్లు వచ్చెయ్యండి, పంటు మీద బైకుల మధ్య నిలబడి గోదారి దాటడం మీ పాపకి భలే ఉంటుంది. ఊటీ మీవారి చెరువు కలిసొచ్చిన ఏడాది చూసుకుందురు గాని, అది కూడా మేలో కాదు, దసరా సెలవులకి.

ఇక అటక మీద క్యారేజీ. ఖాళీ గిన్నె వెనక్కి పంపకూడదని మీకు తెలుసు, నింపి పంపడానికి మనసు రాలేదు, అందుకే ఏడాదిగా అక్కడుంది. దింపి కడగండి. అమ్మగారికి షుగర్ అన్నారు కాబట్టి సున్నుండలు వద్దు, జంతికలు చెయ్యండి. పిండిలో వెన్న కొంచెం ఎక్కువే వెయ్యండి, ఆవిడ పళ్ళు ఇప్పుడెలా ఉన్నాయో మీకు తెలీదు కదా.