గ్యారేజ్ ప్రశ్నలు: పాత స్పోర్ట్స్ కారుకి కొత్త బంపర్, ఎయిర్ డ్యామ్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం బంపర్ల గురించే, ఎక్కువ అమెరికా, ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళవి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఇవన్నీ ఒకచోటే చెప్పేస్తున్నా.

ప్రశ్న: నా దగ్గర 1972 డాట్సన్ 240జెడ్ ఉందండీ. హైవే మీద 70 మైళ్ళు దాటితే ముందు భాగం తేలిపోతున్నట్టు ఉంటుంది, స్టీరింగ్‌లో బరువే తెలీదు. ఫైబర్‌గ్లాస్ ఎయిర్ డ్యామ్ (ముందు బంపర్ కింద గాలిని అడ్డే పలక) వేయిద్దామంటే మా బావగారు ఇంజిన్ వేడెక్కి చస్తుంది అంటున్నారు. ఎవరి మాట వినాలి? – డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీకు అనిపిస్తున్నది భ్రమ కాదండీ, ఆ కారుకి ముందు నుంచీ ఉన్న గుణమే అది. పొడుగు ముక్కు, కింద నుంచి గాలి దూరడానికి బోలెడు చోటు, రేడియేటర్ గుండా ఇంజిన్ బేలోకి వచ్చిన గాలి బయటికి పోవడానికి కిందవైపు తప్ప సరైన దారి లేదు, అందుకని స్పీడ్ పెరిగేకొద్దీ బానెట్ కింద ప్రెషర్ పెరిగి ముక్కుని పైకి లేపుతుంది. ఇదే వరసలో తర్వాత వచ్చిన 280జెడ్ చివరి ఏళ్ళ బానెట్‌కి గాలి పోయే చిల్లులు పెట్టారు చూడండి, దాని సంగతి ఇదే. పీట్ బ్రాక్ గారి బీఆర్ఈ రేసింగ్ టీమ్ 1970, 1971లో అమెరికా ఎస్‌సీసీఏ రేసుల్లో సీ-ప్రొడక్షన్ తరగతి టైటిల్స్ కొట్టింది ఈ 240జెడ్‌తోనే, డ్రైవర్ జాన్ మోర్టన్, ఆ టీమ్ పేరుతో వచ్చిన స్పూక్ అనే ముందు స్పాయిలర్ (గాలి దారి మళ్ళించే ముక్క) నకళ్ళే ఇవాళ మీరు చూస్తున్న ఎయిర్ డ్యాముల్లో చాలా.

అయితే డ్యామ్ కొనేముందు ఒక పని చెయ్యండి. స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాల్ని తిప్పే పళ్ళ కడ్డీ) బుష్‌లు, దాన్ని చక్రాలకి కలిపే టై రాడ్ ఎండ్లు, వీల్ అలైన్‌మెంట్, టైర్ల వయసు ఇవి చూపించండి. యాభై ఏళ్ళు దాటిన కారులో ర్యాక్ బుష్ మెత్తబడిపోతే కూడా అచ్చం ఇలాగే తేలినట్టు ఉంటుంది, దానికి డ్యామ్ వేస్తే డబ్బులు దండగ.

ఇక వేడి సంగతి. మీ బావగారి మాట సగం నిజం. డ్యామ్ సరిగ్గా కూర్చుంటే కారు కిందకి పోయే గాలి తగ్గుతుంది, డ్యామ్ వెనకాల ప్రెషర్ పడిపోతుంది, దాంతో రేడియేటర్ గుండా వచ్చిన గాలిని ఇంజిన్ బే నుంచి కిందకి లాగేసినట్టు అవుతుంది, అంటే కూలింగ్ బాగుపడాలి. చెడేది ఎప్పుడంటే, డ్యామ్ పై అంచు గ్రిల్ నోటిని కొంచెమైనా మూసేసినప్పుడు, ఇంకా రేడియేటర్ పక్కల ఖాళీలు అలాగే వదిలేసినప్పుడు. గాలికి రేడియేటర్ ఫిన్‌ల మధ్య నుంచి దూరాల్సిన పనేముంది, పక్కన సందు కనిపిస్తే అందులోంచి జారుకుంటుంది. కాబట్టి రేడియేటర్ సపోర్ట్‌కి అటూ ఇటూ ఫోమ్ గానీ పల్చటి అల్యూమినియం రేకు గానీ పెట్టి మూసెయ్యండి, ఫ్యాన్ ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) పీకేసి ఉంటే మళ్ళీ వేయించండి. టెక్సాస్ ఎండల్లో ఈ రెండూ చెయ్యకుండా డ్యామ్ జోలికి పోవద్దనే నా మాట.

డ్యామ్‌లో రెండు రకాలు దొరుకుతాయి. వాలెన్స్ (బంపర్ కింద ఉండే రేకు) కింద అంచుకి బోల్ట్ అయ్యే చిన్నది ఒకటి, వాలెన్స్ మొత్తాన్ని మింగేసి పైదాకా వచ్చే పెద్దది ఇంకోటి. రోడ్డు మీద నడిపే కారుకి చిన్నదే నా ఓటు. పెద్దది వేస్తే 240జెడ్‌లో బంపర్ కింద వాలెన్స్‌లో ఉండే ఇండికేటర్లకి మళ్ళీ చోటు వెతకాలి, కొంతమంది వాటిని తీసేసి ఊరుకుంటున్నారు, అది తప్పండీ, ఎదుటివాడికి మీరు ఎటు తిరుగుతున్నారో తెలియాలి కదా. బ్రేకులకి గాలి గొట్టాలు అని రెండు గుండ్రటి కన్నాలు ఉంటాయి పెద్దదానికి, వాటికి వెనకాల హోస్ పెట్టి డిస్క్ దాకా తీసుకెళ్తేనే ఉపయోగం, లేదంటే వాటిని మూసేస్తేనే మంచిది.

బిగించే పద్ధతి మీద కాస్త ఓపిక పెట్టండి. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా, మీరు కూర్చుంటే ఎంత కిందకి దిగుతుందో అంత దిగనిచ్చి, అప్పుడు కొలవాలి. జాక్ మీద ఎత్తి కొలిస్తే అంతా తప్పు లెక్కే. ముందు రంగు వెయ్యకుండా టేపుతో అతికించి చూడండి, మధ్యలో సరిగ్గా ఆనినా ఫెండర్ చివర్ల దగ్గర వేలు దూరేంత సందు కనిపిస్తుంది, ఇది దాదాపు ప్రతి ఫైబర్‌గ్లాస్ పీసుకీ ఉండే రోగమే. చాలా షాపుల్లో ఏం చేస్తారంటే బోల్ట్ గట్టిగా బిగించి ఆ సందుని లాగేస్తారు. ఆ రోజుకి బాగానే ఉంటుంది, తర్వాత కన్నం చుట్టూ జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ పై పూత) మీద సాలీడు కాళ్ళలాగా పగుళ్ళు మొదలవుతాయి, రంగు ఎంత ఖరీదైనదైనా ఆపలేదు. అందుకని అంచుని ఇసుక కాగితంతో కొంచెం కొంచెం అరగదీసి, ఎక్కడ తక్కువైతే అక్కడ వెనకవైపు ఫైబర్‌గ్లాస్ మ్యాట్, గట్టిపడే రెజిన్ జిగురు వేసి పెంచి, కన్నాలు బోల్ట్ కన్నా కొంచెం పెద్దవి వేసి, వెడల్పు వాషర్ కింద రబ్బర్ వాషర్ పెట్టి బిగించండి. మాస్క్ మాత్రం తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఫెండర్ రేకుకి కొత్త కన్నాలు వెయ్యొద్దు, ఉన్న కన్నాలే వాడుకునేలా బ్రాకెట్ చేయించండి. కన్నం పడిన ప్రతి చోటా తుప్పు మొదలవుతుంది, 240జెడ్‌కి తుప్పు ఎంత ఇష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకొక్కటి, పార్కింగ్ కాంక్రీట్ దిమ్మెలు. గుడికో మాల్‌కో వెళ్ళినప్పుడు ముందుకి పోనిచ్చి ఆపే అలవాటు మానెయ్యాలి, రివర్స్‌లో పెట్టండి. ఇది భరించలేననుకుంటే ఫైబర్‌గ్లాస్ బదులు యూరెథేన్ పీస్ చూడండి, వంగుతుంది కానీ అంత తేలిగ్గా పగలదు, రంగులో మాత్రం ఫ్లెక్స్ ఏజెంట్ (వంగినా రంగు పగలకుండా చేసేది) కలపమని పెయింటర్‌కి చెప్పాలి.

ప్రశ్న: అన్నయ్యా, 1976 ఎంజీబీ జీటీ కొన్నాను, నల్ల రబ్బర్ బంపర్లది. క్రోమ్ బంపర్లు కొని మార్చేస్తే పాత మోడల్ లాగా అయిపోతుందా? వీకెండ్‌లో అయ్యే పనేనా? – లెస్టర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వీకెండ్‌లో అవ్వదు తమ్ముడూ. నీ కారుకి ఆ నల్ల బంపర్ ఎందుకొచ్చిందో తెలిస్తే పని ఎంతుందో నీకే అర్థమవుతుంది. అమెరికాలో 1973 నుంచి బంపర్ రూల్స్ బిగించారు, ముందు బంపర్ గంటకి 5 మైళ్ళ వేగంతో గుద్దినా లైట్లూ అవీ పాడవకూడదని, తర్వాత ఎత్తు విషయంలోనూ పట్టుబట్టారు. ఎంజీబీకి పెద్ద మార్కెట్ అమెరికానే, కాబట్టి 1974 చివర్లో లోపల ఉక్కు, పైన పాలీయూరెథేన్ ఉన్న ఈ బంపర్లు పెట్టి, కారుని మొత్తంగా పైకి లేపేశారు. 1980లో అబింగ్డన్ ఫ్యాక్టరీలో ఎంజీబీ ఆగిపోయేదాకా అదే రూపం.

అంటే ముందు వైపు బంపర్ తీశావా, గ్రిల్ కూడా దాంతోనే పోతుంది, ఇండికేటర్లు కూడా దాన్లోనే ఉన్నాయి కాబట్టి అవీ పోతాయి. క్రోమ్ మోడల్‌లో ఇండికేటర్లు హెడ్‌లైట్ కింద ఫెండర్‌లో కూర్చుంటాయి, నీ ఫెండర్‌లో ఆ చోటే లేదు. కాబట్టి గ్రిల్, ముందు వాలెన్స్, ఫెండర్ల కింది ముక్కలు, వెనక మూలల రేకులు, ఇవన్నీ కోసి వెల్డింగ్ చెయ్యాల్సినవే, ఆ తర్వాత పెయింట్. నీకు వెల్డింగ్ రాకపోతే బాడీషాప్‌కి ఇవ్వడమే మేలు, ముందే రాతపూర్వకంగా ఏమేం చేస్తారో తీసుకో.

ఇంత చేసినా కారు ఎత్తుగానే నిలబడుతుంది, క్రోమ్ పెట్టాక ఆ ఎత్తు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ముందు క్రాస్‌మెంబర్‌ని (ముందు సస్పెన్షన్‌ని మోసే అడ్డ దూలం) క్రోమ్ మోడల్‌ది తెచ్చి వెయ్యడం సరైన దారి, వెనక లీఫ్ స్ప్రింగులు మార్చాలి. క్రాస్‌మెంబర్ మారితే స్టీరింగ్ ర్యాక్ కూర్చునే చోటు కూడా మారుతుంది, స్టీరింగ్ రాడ్‌లో ఉండే యూనివర్సల్ జాయింట్ (కోణంలో తిరిగే కీలు) సూటిగా తిరుగుతోందో లేదో చూసుకోకపోతే స్టీరింగ్ ఒకచోట బిగుసుకుని ఒకచోట వదులవుతుంది. ముందు స్ప్రింగులు కత్తిరించి దించేవాళ్ళ మాట మాత్రం అస్సలు వినకు.

నా అభిప్రాయం అడిగితే, బాడీ రేకు బాగుండి తుప్పు లేకపోతే రబ్బర్ బంపర్లు ఉంచేసి, సస్పెన్షన్ ఒక్కటే సరిచేసుకో, కారు నడకలో తేడా అక్కడే ఉంది. ఎలాగూ ఫెండర్లు, మూలలు తుప్పు పట్టి మార్చాల్సినవైతే అప్పుడు క్రోమ్ వైపు వెళ్ళు, రెండు ఖర్చులు ఒకటైపోతాయి. ఏది చేసినా ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పడం మర్చిపోకు, చెప్పని మార్పు క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

ప్రశ్న: 1975 పోర్షే 911కి తేలికపాటి ఫైబర్‌గ్లాస్ ముందు బంపర్, దానికే అతుక్కుని స్పాయిలర్ ఉన్నది వెయ్యొచ్చా? – న్యూజెర్సీ నుంచి

జవాబు: వెయ్యొచ్చు, రెండు సంగతులు తెలిసి వెయ్యండి. మీ కారుకి ఉన్నది 1974లో వచ్చిన ఇంపాక్ట్ బంపర్, అల్యూమినియం బీమ్, దాని వెనక దెబ్బని పీల్చుకునే ట్యూబులు. అవన్నీ తీసేసి ఫైబర్‌గ్లాస్ పెడితే ఇక మీ ముందున్నది బంపర్ ఆకారం మాత్రమే, సిగ్నల్ దగ్గర చిన్నగా తగిలినా దెబ్బ నేరుగా బాడీకే. రెండోది, ముందు లిఫ్ట్ (గాలి కారుని పైకి లేపే బలం) మాత్రమే తగ్గించి వెనక వదిలేస్తే హైస్పీడ్‌లో వెనక భాగం తేలికైపోతుంది, ఇంజిన్ వెనకున్న కారులో అది ప్రమాదం. పోర్షే వాళ్ళే 1972 911ఎస్‌కి ముందు చిన్న స్పాయిలర్ పెట్టి, 1973 కరేరా ఆర్ఎస్‌కి వెనక బాతు తోకలాంటి డక్‌టెయిల్ స్పాయిలర్ కూడా తెచ్చారు. కాబట్టి ముందూ వెనకా జతగానే ఆలోచించండి. తీసిన బంపర్, ట్యూబులు అమ్మొద్దు, అమ్మేటప్పుడు కారు విలువ వాటి మీద ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: సార్, మా తాతగారి 1960ల నాటి కారుకి ముందు స్టీల్ గార్డు, కింద స్పాయిలర్ పెట్టిద్దామనుకుంటున్నాం, ఆర్టీఏ ఒప్పుకుంటుందా? – సికింద్రాబాద్

జవాబు: స్టీల్ గార్డు వద్దమ్మా. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, వాహనంలో మార్పుల గురించి ఉన్న మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకి వస్తుంది అది, పాదచారికి తగిలితే ప్రాణం మీదకి తెస్తుంది. స్పాయిలర్ విషయంలో ఇంకో లెక్క ఉంది. 50 ఏళ్ళు దాటిన సొంత వాహనాలకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ వచ్చాయి, నంబర్‌లో వీఏ అని వస్తుంది, కానీ బండి అసలు రూపంలోనే ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ తీసుకునే ఉద్దేశం ఉంటే ముందు తాతగారి నాటి బంపర్‌కే క్రోమ్ ప్లేటింగ్ చేయించండి, సొట్టలు తీయించాకే ప్లేటింగ్‌కి ఇవ్వండి, మెరుపు వచ్చాక ప్రతి సొట్టా రెట్టింపు కనబడుతుంది.