మూడు మాత్రలకూ లొంగని బీపీ, గురక మధ్యలో నిశ్శబ్దం

దేవరకొండలో ఉంటున్న మీ నాన్నగారికి 67 ఏళ్లని, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని, మూడు రకాల మాత్రలు వాడినా బీపీ దిగడం లేదని రాశారు. రెండింటికీ సంబంధం ఉందా అని అడిగారు. ఉండే అవకాశం చాలా ఎక్కువ. నిద్రలో గొంతు మూసుకుని ఊపిరి ఆగిపోతూ ఉండే జబ్బును స్లీప్ అప్నియా అంటారు, ఆయనది అదే కావచ్చు. మా ఇంట్లో ఆ సంగతి తెలియడానికి రెండేళ్లు పట్టింది. మీకు అంత ఆలస్యం కాకూడదు.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాన్న బక్కపలచని మనిషి, కాబట్టి గురక జబ్బు అనుమానమే రాలేదు. పైగా గురక పెడుతున్నారంటే ఒళ్లెరగకుండా నిద్రపోతున్నారని అమ్మ నమ్మకం. బీపీ 170 దాటినప్పుడల్లా డాక్టరు ఒక మాత్ర పెంచేవారు. నిద్ర ఎలా పడుతోందని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఒక ఎండాకాలం అందరం డాబా మీద పడుకున్నాం. నాన్న గురక ఉన్నట్టుండి ఆగింది. తిరిగి చూస్తే పొట్ట, ఛాతీ ఎగసిపడుతున్నాయి, ముక్కు దగ్గర వేలు పెడితే మాత్రం గాలి తగలడం లేదు. ఫోనులో సెకన్లు చూశాను. 38. అప్పుడు బావిలో మునిగి పైకి తేలిన మనిషిలా పెద్దగా ఊపిరి లాగి, పక్కకు ఒత్తిగిలి, మళ్లీ గురక మొదలుపెట్టారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. పొద్దున అడిగితే, "బాగానే పడుకున్నాను, తల కొంచెం దిమ్ముగా ఉంది" అన్నారు.

హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టరు నిద్ర పరీక్ష చేయించారు. గంటకు 41 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందని తేలింది. 5 లోపు ఉంటే ఫరవాలేదు, 30కి చేరితే తీవ్రమైన స్లీప్ అప్నియా కింద లెక్క. వయసు పైబడ్డాక గొంతు కండరాల పట్టు సడలుతుంది కాబట్టి సన్నగా ఉన్నవారికీ ఇది వస్తుందట. గొంతు మూసుకుని ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడుతుంది, అడ్రినలిన్ విడుదలవుతుంది, బీపీ పైకి ఎగబాకుతుంది. నిద్రలో 10 నుంచి 20 శాతం తగ్గాల్సిన బీపీకి రాత్రంతా తెరిపి ఉండదు. మూసుకున్న గొంతుతో గాలి లాగబోయినప్పుడల్లా గుండె పై గదులు సాగుతాయి. ఏళ్ల తరబడి ఇలాగే జరిగితే గుండె లయ తప్పే ప్రమాదం, దాని వెంట పక్షవాతం ముప్పు పెరుగుతాయి. నాన్న రాత్రికి నాలుగుసార్లు మూత్రానికి లేచేవారు. మేము ప్రోస్టేట్ అనుకుని మందులు వాడించాం. సాగిన గుండె గదులు మూత్రాన్ని పెంచే హార్మోనును వదులుతాయని అప్పుడే తెలిసింది.

సీప్యాప్ యంత్రం రాశారు. ఇది మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూస్తుంది. డాక్టరు ఒక మాట దాచకుండా చెప్పారు: గుండె, మెదడు రక్తనాళాల జబ్బు ముందే ఉన్న 2,700 మందికి పైగా రోగులతో చేసిన సేవ్ అధ్యయనం 2016లో వెలువడింది, అందులో ఈ యంత్రం వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్టు తేలలేదు. అయితే వాళ్లు దాన్ని పెట్టుకున్నది సగటున రాత్రికి 3.3 గంటలే. అందుకే యంత్రం వచ్చిందని బీపీ మాత్రలు సొంతంగా మానకూడదు, పెట్టుకుంటే రాత్రంతా పెట్టుకోవాలి. మొదటి వారం నాన్న నిద్రలోనే మాస్కు పీకేసేవారు. పగలు పేపరు చదువుతూ గంటసేపు పెట్టుకోమన్నాను, మెల్లగా అలవాటైంది. గాలిని తేమ చేయడానికి యంత్రానికి ఉండే నీళ్ల తొట్టిలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి, మన బోరు నీళ్లకు తెల్లటి పొర కడుతుంది. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్‌కు కలపండి. మూడు నెలలకు డాక్టరే ఒక మాత్ర తగ్గించారు. రాత్రి లేవడం ఒక్కసారికి వచ్చింది.

మన వైపు చెప్పుకోవడానికి వెనకాడతారు కాబట్టి నేనే అడుగుతున్నాను: మీ నాన్నగారికి సాయంత్రం కల్లు అలవాటుందా? కల్తీ కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారని పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తెలియనివారు తక్కువ. నిద్రమాత్రలూ అలాంటివే. ఇవి గొంతును ఇంకా సడలించి ఊపిరి మరింతసేపు ఆగేలా చేస్తాయి. అలాగని ఒక్కరోజులో మాన్పించకండి. మత్తు కల్లు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మనిషి మతి తప్పి ప్రవర్తించవచ్చు. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన చెప్పిన పద్ధతిలో తగ్గించాలి.

ఈ రాత్రి ఆయన పక్కనే పడుకోండి. గురక ఆగగానే ఫోనులో వీడియో తీయండి, ఛాతీ, ముఖం రెండూ కనిపించాలి. బీపీ చీటీలతో పాటు దాన్ని డాక్టరుకు చూపించి, నిద్ర పరీక్ష రాయమని మీరే అడగండి. పరీక్ష జరిగేదాకా ఆయనను పక్కకు తిరిగి పడుకోమనండి, మేము నాన్న వీపు వెనుక దిండు ఆనించేవాళ్లం.