పాత కార్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు – జాగ్వార్ మార్క్ 2

మా మామగారి 1962 నాటి జాగ్వార్ మార్క్ 2 (3.4 లీటర్లు) మాకొచ్చింది. పెయింటు ఫ్యాక్టరీదే, అక్కడక్కడా వెలిసింది. డ్యాష్‌బోర్డు చెక్క మీద వార్నిష్ పగిలింది, సీట్ల తోలు నెర్రెలిచ్చింది. అన్నీ ఊడదీసి కొత్తగా చేద్దామంటున్నారు షెడ్డువాళ్లు. చేయించమంటారా? – ఒక పాఠకుడు, కర్నూలు

వద్దు. 1959 నుంచి 1967 దాకా ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో తయారైన ఈ కారులో నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, జంట క్యామ్‌షాఫ్టుల (వాల్వులను తెరిచే ఇరుసుల) ఎక్స్‌కే రకం ఇంజను, లోపల వాల్‌నట్ చెక్క, తోలు సీట్లు. రేసుకు పోయే బండీ, పెద్దమనుషులు దర్జాగా కూర్చునే బండీ ఒక్కటే కావడం దీని గొప్ప. దాంట్లో ఫ్యాక్టరీ పని మిగిలి ఉంటే అసలు విలువ అక్కడే ఉంది. రంగు ఎన్నిసార్లయినా వేయొచ్చు, ఫ్యాక్టరీ రంగు మాత్రం ఒక్కసారే.

చెక్కకు శాండింగ్ మెషిన్ తగలనివ్వకండి. వాల్‌నట్ పొర చాలా పలుచన, కాస్త ఎక్కువ గీకితే కింది చెక్క బయటపడుతుంది. పగిలిన వార్నిష్‌ను రిమూవర్‌తో మెత్తబరిచి, మొద్దు అంచున్న పనిముట్టుతో చేత్తోనే తీయాలి. తోలుకు కొబ్బరినూనె రాస్తుంటారు. అది మన ఎర్రదుమ్మును పట్టి కుట్లలోకి దించుతుంది. తేలికపాటి సబ్బునీటిలో గుడ్డ తడిపి, గట్టిగా పిండి తుడవండి. ఆరాక తోలు క్రీము పలుచగా చాలు. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది, నూలు గుడ్డ కప్పండి.

ఎండాకాలం ఊళ్లో పావుగంట తిరిగితే మా మార్క్ 2 వేడి ముల్లు ఎగబాకుతోంది. మెకానిక్ థర్మోస్టాట్ (నీళ్ల వేడినిబట్టి తెరుచుకునే వాల్వు) తీసేశాడు. తగ్గకపోగా పెరిగింది. రేడియేటర్‌లో బోరు నీళ్లే పోస్తున్నాం. – ఒక పాఠకుడు, అనంతపురం

పెరగక ఏమవుతుంది! బండి వేడెక్కితే మన షెడ్లలో ముందు ఊడేది థర్మోస్టాటే. చాలా ఇంజన్లకు అది చెల్లుతుంది, దీనికి చెల్లదు. థర్మోస్టాట్ హౌసింగ్‌లో పక్కగా ఒక బైపాస్ దారి ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆ దారినే పంపుకు తిరిగొస్తాయి. వేడెక్కాక థర్మోస్టాట్ తెరుచుకుంటూ తన స్లీవుతో (చుట్టూ ఉండే తొడుగుతో) ఆ దారిని మూస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే దాన్ని మూసేదెవరు? వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరుగుతుంది. స్లీవు లేని మామూలు థర్మోస్టాట్ వేసినా ఇదే గతి. స్లీవు ఉన్నదే తెప్పించండి. బిగించే ముందు గిన్నెడు నీళ్లలో వేలాడదీసి కాచి, దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటోందో లేదో చూడండి.

ఇక బోరు నీళ్లు. ఆ ఉప్పు ఇంజను బ్లాకు లోపల గార కడుతుంది, అల్యూమినియం హెడ్డును నీటి రంధ్రాల చుట్టూ తినేస్తుంది. రేడియేటర్ ట్యాపుతో పాటు బ్లాకు ట్యాపు కూడా విప్పాలి. అక్కడ నీళ్లు రాలేదంటే మడ్డి పేరుకున్నట్టే. ట్యాపు మొత్తం ఊడదీసి, తీగతో కదిలించి, తేటగా వచ్చేదాకా కడగండి. తర్వాత రెండు పాళ్లు డిస్టిల్డ్ వాటర్, ఒక పాలు ఇథిలిన్ గ్లైకాల్ కూలెంట్ కలిపి పోయండి.

అప్పటికీ తగ్గకపోతే ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) వెనకబడిందేమో, పెట్రోలు–గాలి మిశ్రమంలో పెట్రోలు తగ్గి పలుచనైందేమో చూడాలి. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలుతో మిశ్రమం పలుచనవుతుంది. ప్లగ్గు తెల్లగా ఉంటే అదే గుర్తు, గోధుమరంగులో ఉండాలి. మీ కారుకు ఎస్‌యూ కంపెనీ హెచ్‌డీ6 రకం కార్బురేటర్లు ఉంటే, మిశ్రమం స్క్రూను సవ్యదిశలో కొద్దికొద్దిగా తిప్పితే చిక్కబడుతుంది. వాటి జెట్ (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) కింది రబ్బరు డయాఫ్రమ్, పాత పెట్రోలు గొట్టాలు కూడా ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. ఇంజను మీద పెట్రోలు కారితే మంటే.

బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి బిగించి ఉంది. ఎలక్ట్రీషియన్ తప్పంటున్నాడు. – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

తప్పు కాదమ్మా, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది. మార్చనివ్వకండి. వేరే కారు బ్యాటరీతో స్టార్ట్ చేయాల్సివస్తే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనసే. అవతలి కారు బాడీకి మైనస్ ఉంటుంది కాబట్టి రెండు కార్ల బాడీలు మాత్రం ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే షార్టే.

కొనేముందు ఏం చూడాలి? రిజిస్ట్రేషన్ ఎలా? – ఒక పాఠకుడు, కడప

దీనికి వేరే ఛాసిస్ లేదు, బాడీయే భారం మోస్తుంది. కాబట్టి మెరుపు చూసి మోసపోకుండా కింద దూరి చూడండి: తలుపుల కింది సిల్లులు (పొడవాటి గట్లు), జాకీ పెట్టే చోట్లు, వెనక స్ప్రింగుల మౌంటింగులు, ప్యాన్‌హార్డ్ రాడ్ (వెనక ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) బ్రాకెట్. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతం అంటుకోని చోట లోపల పుట్టీ ఉంది. జాకీతో లేపినప్పుడు తలుపు సందు మారితే సిల్లు పోయినట్టే. ఇంజను వేడిగా, 3000 ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 40 పౌండ్ల దగ్గర ఉండాలి.

2021 కేంద్ర నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రూ. 20,000, తర్వాతి రిజిస్ట్రేషన్‌కు రూ. 5,000. పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ వాడకానికి పనికిరాదు. బాడీ షెల్లు, ఇంజను మార్పుచేసి ఉండకూడదన్న షరతూ ఉంది. ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోలాకే బేరం మాట్లాడండి.