జీలుగ వేశాం కదా, యూరియా ఎంత తగ్గించాలి?

మీరు అడిగింది ఇదీ: బోరు కింద ఖరీఫ్ వరి, పచ్చిరొట్ట పైరు జీలుగ కలియదున్నుతున్నారు, ఎకరాకు రెండు ట్రక్కుల పశువుల ఎరువు కూడా తోలారు. ఇక రసాయన ఎరువులు సగానికి తగ్గించేయొచ్చా, రెండూ కలిపి వేస్తే ఏమైనా నష్టమా?

కలిపి వేస్తే నష్టం లేదు, లాభమే. 1970లో మొదలైన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల్లో, తర్వాత మన జగిత్యాల దగ్గర పొలాసలో మొదలై వరి తర్వాత వరి వేసి చూస్తున్న మళ్లతో సహా, వట్టి యూరియా మీద నడిచిన మళ్లు వెనకబడ్డాయి, ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్)తో పాటు పశువుల ఎరువు పడ్డవి నిలబడ్డాయి. కానీ "సగానికి తగ్గించేయండి" అనేవాళ్ల మాట మాత్రం వినకండి. వాళ్లు పెంట, జీలుగ, కోళ్ల ఎరువు అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు.

పెంట సంగతి చూడండి. బాగా చివికిన పశువుల ఎరువులో నత్రజని నూటికి అర కిలో. 4 టన్నులు తోలితే 20 కిలోలు అన్నది కాగితం మీది లెక్క. ఈ పంటకు అందేది అందులో మూడో వంతే, మిగతాది తర్వాతి పంటలకు మెల్లగా దిగుతుంది. అంటే యూరియాలో కోసుకోదగ్గది 14 కిలోల దగ్గర. అదీ ఎరువు ఎరువులా ఉంటే! ఏప్రిల్‌లో చేలో కుప్పలు పోసి జూన్ దాకా ఎండకు వదిలేస్తే నత్రజని ఆవిరైపోతుంది, ఆపైన తొలకరి వానకు మిగతా సారం కుప్ప కిందకి దిగుతుంది. నాట్లయ్యాక చూడండి, కుప్ప పోసిన చోటల్లా పైరు గుండ్రంగా నల్లగా ఎదిగి ఉంటుంది, మధ్యలో అంతా పాలిపోయి ఉంటుంది. తోలిన రోజే చిమ్మి దున్నించుకోవాలి.

జీలుగ కథ వేరు. ఎకరాకు 10–12 కిలోల విత్తనం చల్లి, 45–50 రోజులకు పూత మొదలయ్యే వేళ దున్నితే 25 కిలోల దాకా నత్రజని వస్తుంది. కాడ లేతగా ఉంటుంది కాబట్టి త్వరగా వదులుతుంది కూడా. ఇక్కడ నాలుగో వంతు ధైర్యంగా తగ్గించొచ్చు. మీ నేలకు చెప్పిన మోతాదు ఎకరాకు 40 కిలోల నత్రజని అనుకుందాం, 30కి దించండి. ఒక బస్తా డీఏపీలో (నత్రజని, భాస్వరం కలిసిన ఎరువు) నత్రజని 9 కిలోలు, 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోలు, రెండూ కలిపితే సరిగ్గా సరిపోయింది. డీఏపీ బస్తా ఆఖరి దమ్ములో వేసేయండి, దుక్కిలో యూరియా వద్దు. యూరియా బస్తాను రెండుగా చేసి సగం పిలకల దశలో, సగం చిరుపొట్ట (కంకి మొదలయ్యే) దశలో వేయండి. రెండూ వేశారు కదా అని రెండు తగ్గింపులూ కలిపేసుకోకండి. పెంటది నేలకు వదిలేయండి.

అసలు పంట దెబ్బతినేది మోతాదు దగ్గర కాదు, తొందర దగ్గర. జీలుగ నడుము దాటి ఎదిగింది, నారు ముదురుతోంది, కూలీలు రేపే దొరుకుతారు. ఇవాళ ట్రాక్టరు కేజ్‌వీల్స్‌తో తొక్కించి రేపు నాటేస్తారు. మూడో రోజు చేలో కాలు పెడితే బుడబుడమని బుడగలు, కుళ్లిన గుడ్డు వాసన. వారానికి నాటు తిప్పుకోకపోగా ఆకులు పసుపు పడతాయి. ఒక కుదురు పీకి వేళ్లు కడిగి చూడండి. తెల్లగా, తుప్పు రంగు పూతతో ఉండాల్సినవి నల్లగా, మెత్తగా ఉంటాయి. ఆ వేరు ఏమీ తాగలేదు. రైతు మాత్రం పసుపు చూసి నత్రజని చాల్లేదనుకుని అర బస్తా యూరియా విసురుతాడు. ఇంకో రెండు వారాలకు జీలుగ చివికి దాని నత్రజని, ఈ యూరియా రెండూ ఒకేసారి అందుతాయి. చేను ముదురాకుపచ్చగా కమ్ముకుంటుంది, ఊళ్లో అందరూ గట్టు మీద నిలబడి మెచ్చుకుంటారు. ఆ మెప్పు వెనకే సాంబ మసూరి అయితే అగ్గితెగులు, ఏ రకమైనా సుడిదోమ వస్తాయి.

ఆ బుడగలు కనబడ్డప్పుడు చేయాల్సింది నీళ్లు తీసేయడం. సన్నగా నెర్రె కనబడేదాకా ఆరబెట్టి మళ్లీ తడి ఇస్తే నాలుగైదు రోజుల్లో తెల్ల వేళ్లు పుట్టుకొస్తాయి. అసలు ఆ దాకా రాకుండా ఉండాలంటే దున్నాక పలచగా నీళ్లు నిలిపి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, 10–15 రోజులు ఆగి నాటాలి. విత్తనాలు సబ్సిడీలో మే నెలలోనే చేతికొస్తే ఈ ఆగడం కుదురుతుంది. జూన్ సగం అయ్యాక బస్తాలు దించి "పచ్చిరొట్ట వేసుకోండి" అని చెబితే 45 రోజులు ఎక్కడి నుంచి తేవాలి? ఆలస్యమైతే 30 రోజుల జీలుగనే దున్నేయండి, తగ్గింపు మాత్రం సగమే పట్టుకోండి.

ఇక జింకు. పచ్చిరొట్ట చివుకుతూ నీళ్లు నిలిచిన నేలలో జింకు పైరుకు అందదు. నాటిన రెండు మూడు వారాలకు పైనుంచి మూడు నాలుగు ఆకుల్లో ఈనె పాలిపోయి, తుప్పు మచ్చలు లేచి, వంచితే ఆకు చప్పుడుతో విరుగుతుంది. దీన్నే ఖైరా జబ్బు అంటారు. దీనికి మూలం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై.ఎల్. నేనే అనే శాస్త్రవేత్త తేల్చారు. అయినా నేటికీ దీనికి తెగులు మందు అమ్మే దుకాణాలున్నాయి. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ దమ్ములో వేయండి, ప్రతి మూడు పంటలకోసారి చాలు. డీఏపీతో, సూపర్‌తో కలపొద్దు, భాస్వరంతో కలిస్తే రెండూ బిగుసుకుపోతాయి. మూడు రోజులు ఎడం ఇవ్వండి. పైరు మీద కనబడితే లీటరుకు 2 గ్రాములు, ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ. అలాగే భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా వేస్తే చివికిన పెంటలో కలిపి చల్లుకోండి, యూరియా బస్తాలో కలిపితే డబ్బులు దండగ.

యూరియా వేసేటప్పుడు నీళ్లు తీసి బురద పదునులో చల్లి 36–48 గంటల తర్వాత నీళ్లు పెట్టండి. మడినిండా నీళ్లుండగా చల్లిన యూరియా గాలికి పోతుంది. 266 రూపాయల బస్తా కోసం చెప్పులు వరసలో పెట్టి, దానికి లింకుగా అంటగట్టిన నానో యూరియా సీసా కూడా కొని, తీరా తెచ్చి నీళ్లలో పోయడమెందుకు? పిలకల దశ తర్వాత కాంప్లెక్స్ ఎరువులు పైపాటుగా వేయడం కూడా అలాంటిదే. భాస్వరం అప్పుడు పనికిరాదు.

కోళ్ల ఎరువు వేసేవాళ్లకు ఒక్క మాట: అందులో భాస్వరం ఎక్కువ, నత్రజని త్వరగా దిగుతుంది. పచ్చిది వేయకండి, వేశాక పూర్తి డీఏపీ వేయకండి. గడ్డి తగలబెట్టేవాళ్లు మాత్రం పొటాష్ ధర గురించి మాట్లాడకండి. పైరు తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం ఆ గడ్డిలోనే ఉంటుంది, కాల్చిన బూడిద గాలికీ నీళ్లకీ పోతుంది.

ఇదంతా ఖరీఫ్ లెక్క. దాళ్వాకు (యాసంగి వరికి) దీన్నే దించేయకండి. డిసెంబరు, జనవరి చలికి పెంట చివకదు, భాస్వరం, జింకు అందవు. అప్పుడు ఎంత పెంట తోలినా దుక్కిలో నత్రజని, భాస్వరం పూర్తిగా వేయాల్సిందే. తగ్గించుకుంటే ఫిబ్రవరిలో ఎండ ముదిరాక, చిరుపొట్ట దఫాలో, ఆకు రంగు చూసి తగ్గించుకోండి.