పిల్లలతో మొదటిసారి కొండల్లో ట్రెక్కింగ్: రోజుకు ఎంత నడవొచ్చు?

ఎనిమిదేళ్ల పాప, పన్నెండేళ్ల బాబుతో మొదటిసారి కొండల్లో రెండు రాత్రులు టెంట్‌లో ఉండాలంటే రోజుకు ఎంత నడక పెట్టుకోవాలని అడిగారు.

మ్యాపులో కిలోమీటర్లు మాత్రమే చూస్తే మోసపోతారు. ఎక్కాల్సిన ఎత్తునూ లెక్కేయాలి. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. అదీ బాగా నడిచే పెద్దవాళ్లకు! పిల్లలుంటే రెట్టింపు చేసుకోండి. 6 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎత్తు అంటే లెక్క ప్రకారం గంటా నలభై నిమిషాలు. మీకు మూడున్నర గంటలనుకోండి. రాళ్లు ఏరుకోవడానికి ఆగే టైమ్ అదనం. మొదటి ట్రిప్పులో రోజుకు ఇంతే చాలు.

పాప బ్యాగులో నీళ్ల సీసా, రెయిన్‌కోటు, చిరుతిండి సరిపోతాయి. బాబు మోసేది తన బరువులో పదో వంతు దాటనివ్వకండి. మిగతాది మీరే మోయాలి, తప్పదు.

వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. కాటన్ బట్టలు వద్దు, తడిస్తే ఒక పట్టాన ఆరవు. బయల్దేరే ముందు ఒక రాత్రి ఇంటి దగ్గరే టెంట్ వేసి అందరూ పడుకుని చూడండి.